అసురసంధ్యలోకి రాక్షసులు ఎక్కడినుంచి వచ్చారు?

సందేహం: సాయంత్రం దీపాల వేళ ఇంట్లో ఎవరైనా నడుం వాలిస్తే మా అత్తగారు "అసురసంధ్య వేళ ఆ పడకేమిటి, లే" అంటారు. అసురులంటే రాక్షసులే కదా, మరి రాక్షససంధ్య అని ఎవరూ ఎందుకు అనరు? ఆరో తరగతి చదివే మా అబ్బాయి పరీక్షలో హిరణ్యకశిపుణ్ణి దైత్యుడు అని రాస్తే టీచరు కొట్టేసి రాక్షసుడు అని దిద్దారు. సుర తాగనివాళ్లు కాబట్టి అసురులు అయ్యారని వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది, అది నిజమేనా? అన్నట్టు, అసురసంధ్యను కలిపి రాయాలా, విడదీసి రాయాలా?

సమాధానం: అమ్మా, ముందు మీ అబ్బాయి సంగతి. వాడు రాసింది ఒప్పు. దితి కొడుకులు దైత్యులు, దనువు కొడుకులు దానవులు, హిరణ్యకశిపుడు దితి కొడుకు. ఆ ఎర్ర సిరా గీతకు వాడు బాధపడి ఉంటే, ఈ వయసులో ఇంత కచ్చితమైన మాట రాసినందుకు నేను మెచ్చుకున్నానని చెప్పండి. దైత్య, దానవ శబ్దాల గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు. చెప్పాల్సిందంతా అసుర శబ్దం గురించే ఉంది, అది మన పుస్తకాల్లో దొరికే అతి పాత మాటల్లో ఒకటి, దానికి జరిగినంత అన్యాయం ఇంకో మాటకు జరగలేదని నేను నమ్ముతాను.

పేపర్లో రోజూ చూస్తాం, "పోరాటంలో అసువులు బాసిన వీరులు" అని. అసువులు అంటే ప్రాణాలు. ఆ అసువుకు 'ర' చేరి అసుర అయింది. ప్రాణబలం ఉన్నవాడు అని అర్థం. వేదాలకు భాష్యం రాసిన సాయణాచార్యులు కూడా వేదంలో దేవతలకు ఈ మాట వాడిన చోట్ల ప్రాణమిచ్చేవాడు అని అర్థం చెప్పుకొచ్చారు. అసుర శబ్దం అసువు నుంచి కాక ప్రభువు అనే అర్థమున్న ఇంకో పాత ధాతువు నుంచి పుట్టిందనే భాషావేత్తలు కూడా ఉన్నారు, ఆ వాదమూ తీసిపారేయదగ్గది కాదు. ఏ దారిన వెళ్లినా తేలేది ఒకటే, ఇది మొదట తిట్టు కాదు, బిరుదు.

నమ్మకం కుదరకపోతే ఋగ్వేదం మొదటి మండలం, 35వ సూక్తం తీయండి. నవగ్రహ పూజలో సూర్యుడికి చెప్పే "ఆ సత్యేన రజసా" మంత్రం మీరు వినే ఉంటారు, ఋగ్వేద పాఠంలో అది "ఆ కృష్ణేన రజసా" అని ఉంటుంది, అది ఈ సూక్తంలోదే. దాని పదో మంత్రం ఇది:

"హిరణ్యహస్తో అసురః సునీథః సుమృళీకః స్వవాఁ యాత్వర్వాఙ్, అపసేధన్ రక్షసో యాతుధానాన్ అస్థాద్దేవః ప్రతిదోషం గృణానః."

బంగారు చేతులవాడు, అసురుడు, మంచి దారిన నడిపేవాడు, దయ చూపేవాడు మా వైపు రావాలి, రక్షస్సులను అంటే రాక్షసులను, యాతుధానులను అంటే క్షుద్రమంత్రగాళ్లను తరిమేస్తూ, సాయంత్రం సాయంత్రం స్తుతులందుకుంటూ ఆ దేవుడు నిలిచాడు అని. ఇది సవిత అనే సూర్యదేవుణ్ణి గురించి. ఒక్క మంత్రంలో మీ మొదటి ప్రశ్నకు మొత్తం జవాబు ఉంది చూడండి. సవిత దేవుడు, ఆయనే అసురుడు కూడా, ఆయన తరిమేది రక్షస్సులను. అసురుడు రాక్షసుల్ని తరుముతున్నాడు! పైగా ఆ పని ఏ వేళకు? ప్రతిదోషం. దోషా అంటే సాయంకాలం, రాత్రి మొదలు. ప్రదోషం అన్న మాటలో ఉన్నది అదే. మీ అత్తగారు లేవమని చెప్పే వేళే అది. ఈ మంత్రం చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇదేదో ఒక్క చోట దొర్లిన మాట కాదు. అదే మండలంలో శునశ్శేపుడు వరుణుణ్ణి వేడుకునే సూక్తం ఉంది. నూరు ఆవులకు కన్నతండ్రే అమ్మేస్తే యూపస్తంభానికి కట్టివేయబడ్డ పిల్లవాడని ఐతరేయ బ్రాహ్మణం చెప్పే కథ, మీకు తెలిసిందే. ఆ పిల్లవాడు "క్షయన్నస్మభ్యమసుర ప్రచేతా రాజన్" అంటాడు, ఓ అసురా, అన్నీ తెలిసినవాడా, రాజా, మేం చేసిన పాపాల ముడులు వదులు చెయ్యి అని. చావు ముందు నిలబడి, కట్లు విప్పగల ఒకే ఒక్కణ్ణి పిలిచే పిలుపది. అలాంటప్పుడు ఎవరూ ఎదుటివాణ్ణి తిట్టరు కదా. ఇంద్రుణ్ణి "పాహ్యసుర త్వమస్మాన్" అన్నారు, అగ్నిని "త్వమగ్నే రుద్రో అసురో మహో దివః" అన్నారు. మూడో మండలం 55వ సూక్తంలో 22 మంత్రాలున్నాయి, ఇరవై రెండూ ఒకే పల్లవితో ముగుస్తాయి, "మహద్దేవానామసురత్వమేకమ్" అని. దేవతల గొప్ప అసురత్వం ఒక్కటే అని దాని భావం. దేవతలకు అసురత్వం ఏమిటి అని ఇవాళ్టి వాళ్లు అడుగుతారు, ఆనాటి ఋషి దాన్ని ఇరవై రెండుసార్లు పాడుకున్నాడు.

ఇరాన్ వైపు వెళ్తే ఇంకో చిత్రం. మన సకారం వాళ్ల దగ్గర హకారం అవుతుంది, సోమం హఓమ, సప్త హప్త, సింధువు హిందువు. అలాగే అసుర అహుర అయింది. జరతుష్ట్రుడి మతంలో పరమేశ్వరుడి పేరే అహుర మజ్దా. మరి మన దేవ శబ్దం? అక్కడ దఏవ, అంటే దుష్టశక్తి. ఒకే ఇంట్లో పుట్టిన రెండు మాటల్లో ఒకదాన్ని వాళ్లు, ఇంకోదాన్ని మనం గద్దె దింపాం. ఎందుకు, ఎప్పుడు, ఒకరి మీద కోపంతో ఒకరు చేశారా అన్నది పండితులు ఇంకా వాదించుకుంటున్న విషయం, నేను తీర్పు చెప్పను.

మన దగ్గర అర్థం తిరగబడడం ఋగ్వేదం లోపలే మొదలైంది. ఇంద్రుడికి అసురులను చంపేవాడు అనే విశేషణం కొన్ని చోట్ల కనిపిస్తుంది, పదో మండలానికి వచ్చేసరికి అసురులు ఎదుటి పక్షం. బ్రాహ్మణాలు అనే వేద వ్యాఖ్యాన గ్రంథాల కాలానికి అది స్థిరపడిపోయింది, అయితే ఆ గ్రంథాలు చుట్టరికం మాత్రం మరిచిపోలేదు. వాటిలో ఒకటైన శతపథం ఎక్కడ దేవాసుర యుద్ధం మొదలుపెట్టినా "ఉభయే ప్రాజాపత్యాః" అంటుంది, ఇద్దరూ ప్రజాపతి పిల్లలే అని. బృహదారణ్యక ఉపనిషత్తు ఇంకో మాట కలిపింది, దేవతలు చిన్నవాళ్లు, అసురులు పెద్దవాళ్లు అని. దాయాదుల గొడవ అన్నమాట. తెలుగులో దాయ అంటే జ్ఞాతి అనీ అర్థం, శత్రువు అనీ అర్థం, మనవాళ్లకు ఈ సంగతి కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇక మీ వాట్సాప్ మెసేజ్. దానికి ఆధారం లేకపోలేదు. వాల్మీకి రామాయణం బాలకాండలో పాలసముద్రం నుంచి వరుణుడి కూతురు వారుణి పుడుతుంది, దితి కొడుకులు ఆమెను కాదన్నారు, అదితి కొడుకులు తీసుకున్నారు, "అసురాస్తేన దైతేయాః సురాస్తేనాదితేః సుతాః" అని ఉంది. అదే వారుణిని అసురులే తీసుకున్నారని భాగవతం ఎనిమిదో స్కంధం చెబుతుంది. రెండూ పూజనీయ గ్రంథాలే, కథలుగా రెండూ బాగుంటాయి, కానీ ఆ కథను పట్టుకుని మాట పుట్టుక తేల్చకూడదు. సుర అంటే కల్లు, మద్యం అన్న అర్థం ఋగ్వేదంలో ఉంది, వసిష్ఠుడు వరుణుడితో నా తప్పుకు కారణం సుర, కోపం, జూదం అని చెప్పుకుంటాడు. దేవత అనే అర్థంలో మాత్రం సుర అక్కడ కనిపించదు. అసుర ముందు, సుర తర్వాత. అసుర అన్న మాటకు చెడ్డ అర్థం వచ్చాక, మొదట్లో ఉన్న 'అ' కాదు అనే అర్థమిచ్చే అకారమని జనం అనుకున్నారు. దాన్ని తీసేస్తే మంచివాడు మిగలాలి కదా అని సుర తయారైంది. విధవలోని 'వి' లేకపోవడాన్ని చెబుతుందనుకుని ధవుడు అంటే మొగుడు అని పుట్టించుకున్నది కూడా ఇలాగే. కాబట్టి సుర కానివాడు అసురుడు అని చెప్పడం మనవణ్ణి చూపించి తాతకు పేరు పెట్టడం లాంటిది. వేదపదాల అర్థాలు చెప్పే నిరుక్తంలో యాస్కుడు నాలుగైదు వ్యుత్పత్తులు ఇచ్చాడు, వాటిలో అసువు అంటే ప్రాణం అన్నదీ ఒకటి, నాకు అదే చాలు.

అమరకోశం అనే సంస్కృత నిఘంటువులో అమరసింహుడు అసురుల పేర్లు చెబుతూ "శుక్రశిష్యా దితిసుతాః పూర్వదేవాః సురద్విషః" అన్నాడు. ఆ పూర్వదేవాః దగ్గర ఒక్క క్షణం ఆగండి. మునుపటి దేవతలు! పిల్లలు అమరం బట్టీ పట్టే రోజుల్లో ఆ మాట నోట్లోంచి జారిపోయేది తప్ప ఎవరూ ఆగేవారు కాదు. దీన్ని మన పాత తెలుగు కవులు తొలివేల్పులు అని తెనిగించుకున్నారు, నిఘంటువుల్లో చూడండి. వేల్చడం అంటే హోమం చెయ్యడం, వేలిమి అంటే హోమం, ఎవరికి వేలుస్తామో ఆయన వేల్పు. తొలివేల్పు అంటే, మాటకు మాట పెట్టి చెప్పాలంటే, మొదట్లో హవిస్సు అందుకున్నవాడు. ఋగ్వేదం చెప్పిన సంగతే ఇంత చిన్న తెలుగు మాటలో ఒదిగి ఉంది, ఆ మాటను మనం చేజేతులా పోగొట్టుకున్నాం.

రాక్షసులు వేరే జాతి. అమరకోశం కూడా వాళ్లను వేరే చోట చెప్పింది. రక్షామ, కాపాడతాం, అన్నవాళ్లు రాక్షసులయ్యారని రామాయణం ఉత్తరకాండలో ఒక కథ, అది అక్కడ చదువుకోండి. అదే కాండలో రావణుడు బ్రహ్మను కోరిన వరం వినండి, "సుపర్ణనాగయక్షాణాం దైత్యదానవరక్షసామ్", వీళ్లెవరి చేతిలోనూ నాకు చావు రాకూడదని. దైత్యులు, దానవులు, రక్షస్సులు అని మూడు పేర్లు విడివిడిగా లెక్కపెట్టి అడిగాడు. అన్నీ ఒకటే అయితే అన్నిసార్లు అడగడం దేనికి? ఆయన పులస్త్యుడి మనవడు, రాక్షసుడు. మామగారు మయుడు దానవుడు. అది రెండు వంశాల మధ్య కుదిరిన సంబంధం.

అలాంటి రావణుణ్ణి మనం రావణాసురుడు అంటాం. టీవీలో అంటారు, దసరా ప్రసంగాల్లో అంటారు, పిల్లల బొమ్మల పుస్తకాల్లో అచ్చు వేస్తారు. మహిషాసురుడు సరే, నరకాసురుడు సరే. ఏకచక్రపురంలో బండెడు అన్నం తిన్న బకుణ్ణి వ్యాసుడు "బకో వసతి రాక్షసః" అని స్పష్టంగా రాక్షసుడన్నాడు, మనం కృష్ణుడు చీల్చిన కొంగ పేరు తెచ్చి బకాసురుడు చేశాం, ఎక్కువ తినేవాళ్లందరికీ ఆ పేరే తగిలించాం. ఇళ్లలో ముసలివాళ్లు రావణాసురుడు అంటే నేను దిద్దను, వాళ్ల నోట అది ఎప్పటినుంచో నలిగిన మాట. పాఠ్యపుస్తకం రాసేవాళ్లు, ప్రశ్నపత్రం దిద్దేవాళ్లు మాత్రం రెండు నిమిషాలు నిఘంటువు చూసుకోవాలి. పిల్లవాడు ఒప్పు రాస్తే కొట్టేయడం నాకు నిజంగా బాధ కలిగించింది.

జనం నోటికి మాత్రం ఈ తేడా తెలుసు. రాకాసిబొగ్గు అంటాం, రాక్షసబల్లి అంటాం, అల్లరి పిల్లను రాకాసి అని ముద్దుగా కసురుతాం, వీటిలో ఎక్కడా అసుర పెట్టి చూడండి, పలకదు. ధర్మశాస్త్రాల్లో ఎనిమిది రకాల పెళ్లిళ్లు ఉన్నాయి కదా, అక్కడా ఆసురం వేరు, రాక్షసం వేరు. డబ్బిచ్చి పిల్లను తెచ్చుకుంటే ఆసురం, అడ్డొచ్చినవాళ్లను కొట్టి ఎత్తుకుపోతే రాక్షసం. పోతన రుక్మిణి కృష్ణుడికి పంపిన కబురు గుర్తు తెచ్చుకోండి:

"అంకిలి సెప్పలేదు చతురంగబలంబులతోడ నెల్లి యో
పంకజనాభ నీవు శిశుపాలజరాసుతులన్ జయించి నా
వంకకు వచ్చి రాక్షసవివాహమునన్ భవదీయ శౌర్యమే
యుంకువ చేసి కృష్ణ పురుషోత్తమ చేకొనిపొమ్ము వచ్చెదన్"

ఉంకువ అంటే ఓలి, పిల్లకిచ్చే సొమ్ము. సొమ్ము ఇవ్వడం ఆసుర వివాహం పద్ధతి. ఈ పిల్ల అడుగుతున్నది రాక్షస వివాహం. రెంటినీ ఒక్క పద్యంలో కలిపి, ఓలి ఇవ్వనక్కర్లేదు, నీ శౌర్యమే ఓలి అంటోంది. సంస్కృత భాగవతంలో "వీర్యశుల్కామ్" అని ఉన్నదాన్నే పోతన ఉంకువ అనే ఇంటి మాటలోకి దించాడు. ఆసురానికీ రాక్షసానికీ తేడా తెలియకుండా ఈ పద్యం చదివితే, ఆ పిల్ల తెలివి సగం జారిపోతుంది. చివర్న "వచ్చెదన్" ఒక్కటే మాట. ఎత్తుకుపొమ్మంటూనే, వస్తాను అంటోంది.

పోతన పేరు ఎత్తాక ఊరుకోలేను. అసురుల మీద ఆయనకున్నంత దయ తెలుగులో ఇంకే కవికీ ఉందనుకోను. భాగవతం మొదటి పద్యంలోనే విష్ణువును "దానవోద్రేకస్తంభకు" అన్నాడు. దానవుల ఉద్రేకాన్ని ఆపేవాడు. చంపేవాడు అనలేదు. ఇక "అమ్మలఁగన్నయమ్మ ముగురమ్మల మూలపుటమ్మ" పద్యం రాని తెలుగువాళ్లు అరుదు, పిల్లలు స్టేజీల మీద ఎంతో చక్కగా పాడతారు, కానీ నూటికి తొంభైమంది "సురారులమ్మ" అని ఆగి ఊపిరి తీసుకుని, తర్వాత "కడుపారడి పుచ్చినయమ్మ" అంటారు. అలా ఆపితే సురారులకు అమ్మ కూడా దుర్గే అయిపోతుంది. ఆగకూడదు. సురారుల అమ్మ కడుపు ఆరడి పుచ్చిన అమ్మ, అంతా ఒకే ఊపిరి. అత్తింటి ఆరళ్లు అంటాం చూడండి, ఆ ఆరడే ఇది. సురారులు అంటే దేవతల శత్రువులు, వాళ్ల అమ్మ దితి. ఆమెకు కడుపుకోత పెట్టిన అమ్మ దుర్గ. దుష్టసంహారిణి అని ఒక్క సమాసం వేసి దాటిపోవచ్చు, ఎందరో కవులు అలాగే దాటిపోయారు. పోతన ఆ చచ్చిపోయినవాళ్లకు ఒక తల్లి ఉందని గుర్తుచేసుకున్నాడు. అమ్మలందరినీ వరసపెట్టి పిలిచే పద్యంలో ఓడిపోయినవాళ్ల అమ్మకూ చోటిచ్చాడు. ఆ పక్కనే దేవతాస్త్రీలను "వేల్పుటమ్మలు" అన్నాడు. గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఇద్దరూ అమ్మల పక్కనే నిలబడతారు ఆ పద్యంలో, ఇద్దరూ ప్రజాపతి బిడ్డలే అన్న శతపథం మాట నాకు అక్కడే వినబడుతుంది.

అయితే నిజం దాచకూడదు. అదే పోతన "ఇందుగలఁ డందు లేఁ డని సందేహము వలదు" పద్యంలో ప్రహ్లాదుడి చేత తండ్రిని "దానవాగ్రణి వింటే" అనిపించాడు. దితి కొడుకు దానవుడెలా అవుతాడు? దైత్య, దానవ, అసుర అన్నవి కావ్యాల్లో కలిసిపోయాయి, యతిప్రాసలకు ఏది కుదిరితే అది వేశారు, అమరసింహుడే మూడింటినీ ఒకే వరసలో పెట్టాడు. కాబట్టి ఆ మూడూ ఒకదాని బదులు ఒకటి వాడితే తప్పు పట్టను. రాక్షస శబ్దాన్ని కూడా కవులు అక్కడక్కడ వీళ్లకు వాడారు, అది చూపించి మీ టీచరుగారు వాదిస్తే పూర్తిగా కాదనడం కష్టం. రాక్షసుడు అని రాసినా మార్కు ఇవ్వవచ్చు, దైత్యుడు అని రాస్తే మార్కు తీసెయ్యడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు. ఇంతవరకే నా నిర్ణయం.

ఇక మీ అత్తగారి సంధ్య. సరిగ్గా ఆ వేళే దితి కశ్యపుణ్ణి సంతానం అడిగింది. ఇది శివుడు భూతగణాలతో తిరిగే వేళ, ఒక్క ముహూర్తం ఓపిక పట్టమన్నాడాయన. ఆమె పట్టలేదు. హిరణ్యాక్షుడు, హిరణ్యకశిపుడు పుట్టారు. ఆ హిరణ్యకశిపుడే పగలూ రాత్రీ చావు వద్దని వరం అడిగి, మళ్లీ అదే సంధ్య వేళ నరసింహుడి ఒడిలో పోయాడు. కడుపున పడ్డదీ సందె వేళే, పోయిందీ సందె వేళే. ప్రజాపతి అసురులను సృష్టించినప్పుడు చీకటి కమ్మిందని శతపథం కూడా చెబుతుంది. ఈ పేరు ఈ కథ నుంచే వచ్చిందని ఖాయంగా అనలేను కానీ, అసుర కాకుండా ఇంకే మాట పెట్టినా ఈ సంధ్యకు నప్పదని నా మనసుకు తోస్తుంది.

మా నాయనమ్మ ఈ వేళకు వాకిలి ఊడ్చి, లాంతరు చిమ్నీలో చెయ్యి పెట్టి పాత పంచె గుడ్డతో మసి తుడిచేది, ఒత్తి కత్తిరించేది, వెలిగించి గుమ్మంలో పెట్టాక రెండు చేతులూ జోడించి దీపానికి దణ్ణం పెట్టేది. పడుకున్నవాళ్లను లేపేది కూడా మీ అత్తగారిలాగే. ఆవిడకు ఋగ్వేదం తెలియదు. సాయంత్రం సాయంత్రం బంగారు చేతుల అసురుణ్ణి రమ్మని పిలిచి, చీకట్లో తిరిగేవాళ్లను తరమమన్న మంత్రం చదివినప్పుడల్లా నాకు ఆ మసి అంటిన చెయ్యే గుర్తొస్తుంది.

ఆఖరి ప్రశ్న. అసురసంధ్య సమాసం, కలిపే రాయండి. చాలా ఇళ్లలో అసురసందె అని కూడా అంటారు. సంస్కృతపు అసుర పక్కన తెలుగైపోయిన సందె చేరింది కనుక అది వైరిసమాసమని పట్టుబట్టే వ్యాకర్తలు ఉంటారు. వాళ్ల సూత్రం వాళ్లది. నాకు మాత్రం అసురసందే చెవికి ఇంపుగా ఉంటుంది, రాతలో అయితే సంధ్య అని రాస్తాను.